తిరుపతిలో ఎండకేం కరువు, మరి తాబేలు డిప్ప ఎందుకు మెత్తబడుతోంది?

వేసవి సెలవుల్లో పిల్లలు గోల చేస్తే అక్వేరియం అంగట్లో కొన్న రెండంగుళాల పచ్చ తాబేలు దసరా నాటికి కాస్త పెద్దదవుతుంది, కానీ వేలితో డిప్ప మీద నొక్కితే తడిసిన అట్టముక్కలాగా లోపలికి పోతుంది. అప్పుడు మొదలవుతాయి సలహాలు. కాల్షియం తక్కువైంది పౌడర్ చల్లు అని ఒకరు, పొద్దున లేత ఎండలో పెట్టు అని ఇంకొకరు, ఆన్‌లైన్‌లో యూవీ బల్బు దొరుకుతుంది తెప్పించు అని మూడోవాళ్లు. ఎవరి మాటా పూర్తి అబద్ధం కాదు, అలాగని ఒక్కటే పట్టుకుంటే ఏదీ పనిచేయదు. మే నెలలో 42 డిగ్రీలు దాటే ఊళ్లో ఎండ తగలక ఎముక మెత్తబడటం వినడానికి వింతగానే ఉంటుంది, కానీ ఆ ఎండ తాబేలు చర్మం దాకా చేరుతోందా లేదా అన్నది వేరే ప్రశ్న.

క్లుప్తంగా: డిప్ప గట్టిగా ఉండాలంటే తిండిలో కాల్షియం, దాన్ని పేగులోంచి ఒంట్లోకి తెచ్చే విటమిన్ డి3, ఆ డి3 ని చర్మంలో పుట్టించే యూవీబీ వెలుతురు, ఇవన్నీ జరగడానికి సరిపడా ఒంటి వేడి, నాలుగూ ఉండాలి. ఇళ్లలో తాబేళ్లకి ఈ గొలుసు ఎక్కువగా తెగిపోయేది యూవీబీ దగ్గర, దానికి కారణం కిటికీ అద్దం, లేత ఎండ మీద నమ్మకం. ఆ తర్వాతది తిండి, అంటే ఎండు రొయ్యలు, చికెన్ ముక్కలు, బొరుగులు.

ఏ తాబేలు గురించి మాట్లాడుకుంటున్నాం

అంగళ్లలో అమ్మేది దాదాపు ఎప్పుడూ రెడ్ ఇయర్డ్ స్లైడరే, చెవి దగ్గర ఎర్ర గీత ఉండేది. దాని సొంతూరు అమెరికాలోని మిసిసిపీ నది పరీవాహకం. మన అడవుల్లో, పొలం గట్ల మీద కనిపించే నక్షత్ర తాబేలుగానీ చెరువుల్లో దొరికే మెత్త అంచుల తాబేలుగానీ ఇంట్లో పెట్టుకోవడం నేరం. రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద షెడ్యూల్ 1 లో, అంటే అత్యంత కట్టుదిట్టమైన రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి, నక్షత్ర తాబేలుకి 2019 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా పూర్తి నిషేధం ఉంది. పలమనేరు దగ్గర కూర్మాయిలో కూర్మ వరదరాజస్వామిని మొక్కే ప్రాంతం ఇది, ఇంట్లో తాబేలు ఉంటే కలిసొస్తుందనే మాట ఇక్కడ కొత్తేం కాదు, కానీ వాస్తు కోసం అడవి తాబేలుని పట్టి తెస్తే కలిసొచ్చేది కేసే. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా స్లైడర్ గురించే.

డిప్ప అంటే పెట్టె కాదు, ఎముక

చాలామంది డిప్పని నత్తగుల్లలాగా విడిగా ఉండే పెట్టె అనుకుంటారు. అది తాబేలు పక్కటెముకలు, వెన్నెముక వెడల్పై ఒకదానితో ఒకటి అతుక్కుని తయారైన ఎముకల గోడ, దానిమీద మన గోళ్ల పదార్థంతోనే చేసిన పలకలు పరిచి ఉంటాయి. అంటే తాబేలు ఒంట్లో కాల్షియం బ్యాంకు మొత్తం వీపు మీదే ఉంది.

రక్తంలో కాల్షియం ఒక స్థాయి కంటే పడిపోకూడదు, గుండె కొట్టుకోవాలన్నా కండరం కదలాలన్నా అది కావాలి. తిండి నుంచి రాకపోతే మెడ దగ్గరుండే పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ వదిలి, ఎముకలోంచి తీసి రక్తానికి ఇవ్వమని చెప్తాయి. ఒకటి రెండు రోజులైతే అది చేబదులు లాంటిది, నెలల తరబడి అదే నడిస్తే డిప్పలోంచి, దవడలోంచి, కాళ్ల ఎముకల్లోంచి కాల్షియం కరిగిపోతూనే ఉంటుంది. రక్త పరీక్షలో మాత్రం కాల్షియం చాలాకాలం మామూలుగానే కనిపించొచ్చు, ఎందుకంటే ఒళ్లే ఎముకని కరిగించి ఆ లెక్క సరిచేస్తోంది కదా. దీన్నే మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు.

పిల్ల తాబేళ్లలో ఇది తొందరగా బయటపడటానికి కారణం పెరుగుదల. గుడ్డులోంచి వచ్చినప్పుడు అంగుళం సైజుండేది మొదటి ఏడాదిలోనే ఎన్నో రెట్లు పెరగాలి, ప్రతి మిల్లీమీటరుకీ కొత్త ఎముక కావాలి. ఇంకో గుంపు ఎదిగిన ఆడ తాబేళ్లు, మగ తోడు లేకపోయినా ఇవి గుడ్లు పెడతాయి, పెంకు కోసం ఒంట్లో కాల్షియం ఖర్చవుతుంది, అది చాలకపోతే గుడ్డు బయటికి తోసే బలం కూడా కండరానికి ఉండదు.

ఎండ నుంచి ఎముక దాకా

యూవీబీ అంటే ఎండలో కంటికి కనిపించని ఒక భాగం, 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే కిరణాలు. ఇవి చర్మం మీద పడితే అక్కడున్న 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థం ప్రీవిటమిన్ డి3 అవుతుంది. ఆ ప్రీవిటమిన్ అసలు డి3 గా మారడానికి వెలుతురు అక్కర్లేదు, వేడి కావాలి, తాబేలేమో మనలాగా ఒళ్లు వెచ్చగా ఉంచుకునే జంతువు కాదు, అందుకే అది నీళ్లలోంచి బయటికొచ్చి రాయెక్కి కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. తర్వాత ఆ డి3 లివర్‌లో ఒకసారి, కిడ్నీలో ఇంకోసారి మారి హార్మోన్ అవుతుంది, పేగు గోడ తిండిలోని కాల్షియంని లాక్కోవడానికి దారి తెరిచేది అదే. ఈ గొలుసులో ఎక్కడ లింకు తెగినా ఫలితం ఒకటే. పౌడర్ ఎంత చల్లినా డి3 లేకపోతే ఎక్కువ భాగం మలంలో పోతుంది, రోజూ మంచి ఎండ తగిలినా తిండిలో కాల్షియం లేకపోతే పేగు లాక్కోవడానికి ఏమీ ఉండదు.

ఎండ ఎక్కువైతే డి3 ఎక్కువైపోదా అనే అనుమానం వస్తుంది, అవదు, అదనంగా తయారైన ప్రీవిటమిన్‌ని అదే వెలుతురు పనికిరాని వేరే పదార్థాలుగా మార్చేస్తుంది. నోటి ద్వారా వేసే డి3 కి అలాంటి అడ్డు లేదు, ఈ తేడా తర్వాత మాత్రల దగ్గర పనికొస్తుంది.

మా తాబేలు పదేళ్లుగా ఏ యూవీ లేకుండానే బతుకుతోంది అనేవాళ్లూ ఉంటారు. ఉండొచ్చు. స్లైడర్ మాంసం కూడా తినే జంతువు, ముళ్లతో సహా చిన్న చేపలు, డి3 కలిపిన మంచి పెల్లెట్లు, అంటే తాబేళ్ల కోసం అమ్మే తిండి గుళికలు తింటే కొంత నోటి ద్వారా అందుతుంది. అయితే 2006లో స్లైడర్ల మీద వచ్చిన ఒక పరిశోధనలో యూవీబీ వెలుతురు కింద ఉంచిన వాటి రక్తంలో విటమిన్ డి స్థాయి, వెలుతురు లేని వాటికంటే ఎక్కువని తేలింది. బతకడం వేరు, ఎముక నిల్వ నిండుగా ఉండటం వేరు.

అద్దం దగ్గరే కథ మారిపోతుంది

తూర్పు కిటికీ పక్కన పెట్టిన గాజు ట్యాంకుని ఊహించుకోండి. ఎనిమిదింటికి ఎండ నేరుగా లోపలికి పడుతుంది, తాబేలు రాయి మీదికెక్కి మెడ సాచి, వెనక కాళ్లు రెండూ గాల్లోకి లేపి కళ్లు మూసుకుని ఉంటుంది. చూసేవాళ్లకి ఇంతకంటే బాగా ఎండ కాచుకునే తాబేలు ఉండదనిపిస్తుంది. వేడి తగులుతోంది, వెలుతురు తగులుతోంది, కానీ మామూలు అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది, ఆ తాబేలుకి కిటికీ అద్దం ఒకటి, ట్యాంకు గోడ ఇంకొకటి, రెండు అడ్డాలు. గంటలకొద్దీ కూర్చున్నా చర్మంలో డి3 తయారవదు. చాలా ప్లాస్టిక్ మూతలూ ఇంతే. దోమతెరలాంటి జాలీ కొంత నయం, కానీ అదీ మూడో వంతు నుంచి సగం దాకా తినేస్తుంది.

రెండోది టైము. పసిపిల్లల్ని లేత ఎండలో పడుకోబెట్టే అలవాటు నుంచి వచ్చిందేమో, పొద్దున ఏడు గంటల ఎండే విటమిన్ డి ఎండ అనే నమ్మకం గట్టిగా ఉంది. సూర్యుడు కిందికి ఉన్నప్పుడు కిరణాలు గాలిలో ఏటవాలుగా ఎక్కువ దూరం రావాలి, దారిలో ఓజోన్ యూవీబీని మింగేస్తుంది, మనకి చేరేది వేడి, వెలుతురు, కాస్త యూవీఏ అనే డి3 పుట్టించని ఇంకో రకం యూవీ. సులువైన కొలత నీడ. నిలబడితే మన నీడ మన ఎత్తుకంటే పొట్టిగా ఉంటే యూవీబీ పనికొచ్చేంత ఉన్నట్టు, పొడుగ్గా ఉంటే నామమాత్రమే. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి లెక్కేస్తే మార్చి నుంచి సెప్టెంబర్ దాకా ఆ పొట్టి నీడ సుమారు తొమ్మిది, తొమ్మిదిన్నరకి మొదలై మధ్యాహ్నం మూడు దాకా ఉంటుంది. డిసెంబర్లో పదిన్నర నుంచి రెండు లోపే. ఏప్రిల్ చివరి వారంలో, మళ్లీ ఆగస్టు మధ్యలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, ఆ రోజుల్లో మబ్బు లేకపోతే మధ్యాహ్నం యూవీ ఇండెక్స్, అంటే ఎండలో యూవీ తీవ్రత కొలత, 11 దాటడం మామూలే.

మరి పన్నెండింటికి మిద్దె మీద పెట్టేద్దామా అంటే అది తాబేలుని చంపడమే. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె గచ్చు మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేం, అలాంటి చోట తక్కువ నీళ్లున్న టబ్బు నిమిషాల్లో వేడెక్కుతుంది, తాబేలుకి చెమట పట్టదు, పారిపోయే చోటు లేకపోతే వడదెబ్బతో పోతుంది. గాజు ట్యాంకుని ట్యాంకుగానే ఎండలో పెట్టడం ఇంకా ప్రమాదం, అది కారు అద్దాలెత్తి ఎండలో వదిలేసినట్టే. మధ్యేమార్గం ఏంటంటే వేసవిలో తొమ్మిదిన్నర ప్రాంతంలో, వెడల్పాటి టబ్బులో సగానికి పైగా నీడ ఉండేట్టు పలక అడ్డం పెట్టి, ఎక్కడానికి ఒక ఇటుక వేసి, 20 నుంచి 30 నిమిషాలు. వారానికి మూడు నాలుగు సార్లు ఇలా చేసినా చాలా తేడా ఉంటుంది. మనిషి పక్కనే ఉండాలి, ఎందుకంటే కాకులుంటాయి, అలిపిరి వైపు ఇళ్లకైతే కోతులు కూడా.

అక్టోబర్, నవంబర్ వాయుగుండాల రోజుల్లో వారం పాటు సూర్యుడు కనపడకపోయినా భయం లేదు, డి3 ఒంట్లో కొంతకాలం నిల్వ ఉంటుంది. నెలల తరబడి లేకపోవడమే సమస్య.

గిన్నెలో ఏం పడుతోంది

కాల్షియం ఎంత తింటోంది అనేదానికంటే ఫాస్ఫరస్‌తో పోలిస్తే ఎంత తింటోంది అన్నదే ముఖ్యం. రెండూ పేగులో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఫాస్ఫరస్ ఎక్కువైతే కాల్షియం చిక్కుపడి బయటికి పోతుంది, పైగా రక్తంలో ఫాస్ఫరస్ పెరిగితే పారాథైరాయిడ్ ఇంకా రెచ్చిపోతుంది. తాబేలు తిండిలో కాల్షియం, ఫాస్ఫరస్ కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి.

ఇప్పుడు మనం వేసేవి చూస్తే, ఎముకలేని చికెన్‌లో ఫాస్ఫరస్ కాల్షియం కంటే పదిహేను రెట్లకి పైనే, లివర్‌లో అంతకంటే ఘోరం. అన్నం మెతుకులు, కోనేటి గట్టు మీద చేపలకి వేసే అలవాటుతో ఇంట్లో తాబేలుకీ వేసే బొరుగులు, వీటిలోనూ ఫాస్ఫరస్‌దే పైచేయి. ఎండు రొయ్యల్ని తాబేలు పిచ్చిగా ఇష్టపడుతుంది, అదే చిక్కు, వాటికి అలవాటు పడ్డాక పెల్లెట్లు ముట్టదు. వంటకి అమ్మే ఎండు రొయ్యల్లో ఉప్పు కూడా ఉంటుంది.

రాగుల సంగతి ఇక్కడ తప్పకుండా వస్తుంది, సంగటి తిని పెరిగిన ప్రాంతం కదా. రాగిలో కాల్షియం నిజంగానే ఎక్కువ, 100 గ్రాములకి 300 మి.గ్రా. పైనే, ఏ ధాన్యమూ దాని దరిదాపుల్లో లేదు. కానీ ఫాస్ఫరస్ కూడా 200 దాటి ఉంటుంది, పైగా ఫైటేట్ అనే పదార్థం కాల్షియంని పట్టేసుకుంటుంది, తాబేలు పేగు గింజల పిండి కోసం తయారైంది కాదు. మనుషులకి అద్భుతమైన తిండి, తాబేలుకి మందు కాదు. పాలు, పెరుగు కూడా అంతే, వాటిలో చక్కెరని సరీసృపాలు అరిగించుకోలేవు.

ఆకుల్లో పాలకూర చూడటానికి బలంగా ఉంటుంది కానీ దానిలోని ఆక్సలేట్ కాల్షియంతో కలిసి కరగని ముద్దైపోతుంది, తోటకూరదీ కొంతవరకు అదే కథ, అప్పుడప్పుడు ఒక రెమ్మ వేస్తే నష్టం లేదు గానీ రోజూ అదే కుదరదు. మునగాకు బాగా మెరుగు, 100 గ్రాములకి 300 మి.గ్రా. పైన కాల్షియం, ఫాస్ఫరస్ దానికంటే చాలా తక్కువ, చెట్టు వీధికొకటి ఉంటుంది. పిల్ల తాబేళ్లు ఆకు ముట్టవు, మాంసం వైపే మొగ్గుతాయి, పెరిగేకొద్దీ ఆకు వైపు వస్తాయి, కాబట్టి పిల్లప్పుడు నమ్మకమైన పెల్లెట్లు, వారానికోసారి ముళ్లతో సహా చిన్న చేప, ఇదే సులువు.

సముద్రపు నురుగు, సున్నం, మాత్రలు

ఆన్‌లైన్‌లో కటిల్‌బోన్ అని అమ్మేది, నాటుమందుల అంగట్లో సముద్రపు నురుగు పేరుతో దొరికేది ఒకటే వస్తువు, కటిల్ చేప లోపలి ఎముక. తెల్లగా, పడవ ఆకారంలో, ఒకవైపు సుద్దముక్కలాగా గోటికి రాలుతుంది, ఇంకోవైపు గట్టి పెచ్చు ఉంటుంది. నిమ్మరసం ఒక చుక్క వేస్తే బుసబుసమని నురగొస్తుంది, అంటే కాల్షియం కార్బొనేట్ అన్నమాట, కార్బొనేట్ బరువులో 40 శాతం కాల్షియమే. గట్టి పెచ్చు కత్తితో గీకేసి మెత్తటి ముక్క నీళ్లలో వదిలితే తాబేలు కావాల్సినప్పుడు కొరుక్కుంటుంది, కొన్ని అసలు పట్టించుకోవు, అలాంటప్పుడు పొడి చేసి తిండికి అద్దాలి. కోడిగుడ్డు పెంకు ఉడికించి ఆరబెట్టి మెత్తగా దంచినా అదే పదార్థం, ఖర్చు లేదు.

సున్నం కూడా కాల్షియమే కదా అని తాంబూలం సున్నం కలిపే ఆలోచన మాత్రం వద్దు. అది కాల్షియం హైడ్రాక్సైడ్, చర్మాన్ని, కళ్లని కాలుస్తుంది, ట్యాంకు నీళ్లలో కలిస్తే ఇంకా దారుణం.

బోరు నీళ్ల వాదన ఒకటుంది. కుళాయి చుట్టూ తెల్లగా పేరుకుపోయే ఈ నీళ్లలో కాల్షియం దండిగా ఉంది, ఇంకేం కావాలి అని. లీటరు బోరు నీళ్లలో 150 మి.గ్రా. కాల్షియం ఉందనుకున్నా తాబేలు ఒక రోజులో తాగేది కొన్ని మిల్లీలీటర్లు, 10 మి.లీ. తాగితే దక్కేది ఒకటిన్నర మి.గ్రా. కాల్షియం బ్లాకులని ట్యాంకులో వేసేవి కూడా నీళ్ల గుణాన్ని మారుస్తాయే తప్ప ఎముకకి చేరేది తక్కువే.

అన్నిటికంటే ప్రమాదం ఇంట్లో మందుల డబ్బా. మనుషులకి వారానికొకటి రాసే డి3 సాచెట్ 60,000 యూనిట్లది, అది యాభై, అరవై కిలోల మనిషికి. పావుకిలో లేని తాబేలుకి అందులో చిటికెడు వేసినా ఎన్ని రెట్ల డోసో ఊహించొచ్చు. ఎక్కువైన డి3 రక్తంలో కాల్షియంని పెంచేసి కిడ్నీల్లో, రక్తనాళాల గోడల్లో పేరుస్తుంది, డిప్ప మెత్తగా ఉండగానే లోపల అవయవాలు సున్నంలా గట్టిపడే వింత పరిస్థితి వస్తుంది.

బల్బుల గందరగోళం

అపార్ట్‌మెంట్‌లో మిద్దె తాళం వాచ్‌మన్ దగ్గరుంటే, ఎండలోకి తీసుకెళ్లే టైము లేకపోతే, బల్బు తప్పదు. ఇక్కడ యూవీ అనే మాట ఒక్కటే, వస్తువులు మాత్రం వేరువేరు. దోమల మెషిన్‌లో నీలంగా వెలిగేది యూవీఏ, సుమారు 365 నానోమీటర్లు, డి3 కి పనికిరాదు. నీళ్ల ఫిల్టర్‌లో, అక్వేరియం స్టెరిలైజర్‌లో ఉండేది యూవీసీ, 254 నానోమీటర్లు, అది క్రిముల్ని చంపడానికి, తాబేలు మీద వేస్తే కళ్లూ చర్మం కాలిపోతాయి, మనవి కూడా. మామూలు ఎల్‌ఈడీకి నీలం రంగు పూసిన లైట్లలో ఏ యూవీ ఉండదు. వేడినిచ్చే స్పాట్ బల్బు వేడికి మంచిదే, యూవీబీ ఇవ్వదు.

సరీసృపాల కోసమే చేసే బల్బు మీద యూవీబీ 5.0 లేదా 10.0 అని రాసి ఉంటుంది, పొడుగాటి ట్యూబ్ రకం వెలుతురుని ట్యాంకు అంతా సమంగా పంచుతుంది, చిన్న మెలికల బల్బు కిందనే ఎక్కువ, పక్కకి పోతే ఏమీ ఉండదు. తాబేలు కూర్చునే రాయికి సుమారు 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో, మధ్యలో అద్దంగానీ ప్లాస్టిక్ మూతగానీ లేకుండా, రోజుకి పది పన్నెండు గంటలు వెలగాలి. దూరం రెట్టింపైతే అందేది సగానికంటే కిందికి పడిపోతుంది. ఇంకో సంగతి, ట్యూబ్ ఇంకా తెల్లగా వెలుగుతూనే ఉంటుంది కానీ లోపలి పూత అరిగి యూవీబీ తగ్గిపోతుంది, అందుకే ఆరు నెలల నుంచి ఏడాదికోసారి మార్చమంటారు. మూడేళ్ల క్రితం కొన్న బల్బు వెలుగుతోంది కదా అనే భరోసాతో ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. నీళ్లు 24 నుంచి 28 డిగ్రీలు, రాయి మీద 30 నుంచి 35 ఉంటే సరిపోతుంది, ఇక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు హీటర్ అవసరమే రాదు.

మెత్తదనం ఉన్నవన్నీ జబ్బు కాదు

అప్పుడే పుట్టిన పిల్లల డిప్ప కొంచెం వంగుతుంది, అది సహజం. పలకలు పల్చటి పొరల్లాగా ఊడిరావడం కూడా స్లైడర్‌కి మామూలే, ఎదుగుతూ పాత పొర వదిలేస్తుంది. ఆరినప్పుడు డిప్ప మీద తెల్లగా కనపడి, తడిపితే మాయమయ్యేది చాలాసార్లు బోరు నీళ్ల ఉప్పే, ఫంగస్ కాదు. ఒకేచోట గుంటపడి వాసనొస్తే అది డిప్ప కుళ్లు, దానికి కారణం మురికి నీళ్లు.

జబ్బు మెత్తదనం వేరుగా ఉంటుంది. నాలుగైదు నెలలు దాటిన తాబేలుకి డిప్ప అంచులు పైకి వంపు తిరగడం, కింది పలక నొక్కితే లోపలికి పోవడం, నడిచేటప్పుడు పొట్ట నేలకి ఈడ్చడం, దవడ వంగి పెల్లెట్ కొరకలేక వదిలేయడం, కాళ్లు వణకడం, వీటిలో రెండు కనపడితే ఇంటి వైద్యం టైము అయిపోయినట్టే. వెటర్నరీ డాక్టర్ ఎక్స్‌రే తీస్తే ఎముక నీడలాగా పల్చగా కనిపిస్తుంది, కాల్షియం ఏ రూపంలో ఎంత ఇవ్వాలి, డి3 ఇవ్వాలా వద్దా అనేది బరువుని బట్టి వాళ్లు తేలుస్తారు. వెటర్నరీ యూనివర్సిటీ ఉన్న ఊరు కావడం తిరుపతి వాళ్లకి ఒక సౌకర్యం. డిప్ప మళ్లీ గట్టిపడటానికి నెలలు పడుతుంది, గట్టిపడ్డాక కూడా వంకర అలాగే ఉండిపోతుంది, వంకరగానే గట్టిపడుతుంది.

విసిగిపోయి స్వర్ణముఖిలోనో చెరువులోనో వదిలేయడం ఇంకో సమస్యకి దారి. స్లైడర్ ప్రపంచంలోని వంద అతి చెడ్డ ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది, బయట నిజమైన ఎండ, చేపలు, నాచు దొరికాక దాని డిప్ప చక్కగా గట్టిపడుతుంది, ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది, మన చెరువు తాబేళ్ల తిండీ, ఎండ కాచుకునే రాళ్లూ లాక్కుంటూ.